మంచం మీద ముగ్గురు

జూన్ 4

ముప్పై రెండేళ్ళు బస్సులో నిలబడి, ఇప్పుడు నా ఇంట్లో కూర్చున్న తమ్ముడికి,

క్షేమంగా చేరాను. శిక్షణ కేంద్రం వాళ్ళు హాస్టల్లో మూలగది ఇచ్చారు. కిటికీ ఉంది గానీ తెరుచుకోదు. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. వార్డెనమ్మ ఉంది గానీ నవ్వదు. ఈ గదిలో ఉంటూ నాలుగు నెలలపాటు నలభై మందికి పాఠాలు చెప్పాలి. నా పాఠం ఏమిటో తెలుసా? "పొదిగే గుడ్లు పెట్టే కోళ్ళకు దాణా ఎంపిక, కొనుగోలు, నిల్వ." నోటీసు బోర్డు మీద నన్ను "నిపుణురాలు" అని రాశారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని రెండుసార్లు చదువుకున్నాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఇంజను పక్కన నిలబడీ నిలబడీ నీ చెవులు ఎప్పుడో పెన్షన్ తీసుకున్నాయి. నేనొక మాట అరిస్తే నువ్వు "ఆఁ?" అని మూడుసార్లంటావు. వార్డెనమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడుతుంది. కాగితమైతే నీకు అర్థమయ్యేదాకా చదువుకోవచ్చు, తొందరేమీ లేదు.

నీకు అప్పజెప్పింది మామూలు కోళ్ళను కాదని మరొక్కసారి చెబుతున్నాను. కొట్లో అమ్మే గుడ్డు పెట్టే కోడికి కడుపు నిండితే చాలు. నా పెట్టల గుడ్డులోంచి పిల్ల రావాలి. దాణాలో ఏ లోటున్నా కోడి మీద కనిపించదు, గుడ్డు మీద కనిపించదు, లోపలి పిల్ల మీద పడుతుంది. హేచరీ ఆయన మూడు విడతలు పొదిగిస్తానన్నాడు. జూన్ ముప్పైన ఒకటి, జులై పద్నాలుగున ఒకటి, ఆగస్టు పదకొండున ఆఖరుది. నూరు గుడ్లకు డెబ్బై అయిదు పిల్లలు రావాలి. ఆఖరు విడతలో కూడా రాకపోతే ఆయన వేరేవాళ్ళ గుడ్లు తీసుకుంటాడు. అప్పుడు అరవై పెట్టలనూ ఏడు పుంజులనూ మాంసం కొట్టుకు తోలుకుపోవడమే. పదకొండేళ్ళు ఏరి ఏరి నిలబెట్టిన జాతి అది. నీ నిద్రమత్తుకు బలి చెయ్యకు.

షెడ్డు తలుపు వెనక కాగితం అంటించాను. పాత బస్తా ముందు, కొత్త బస్తా తరవాత. బస్తా నేలకు తగలకూడదు, గోడకు ఆనకూడదు, తడి సోకకూడదు, ఎలుక ఎక్కకూడదు. చవకగా వస్తోందని అవసరానికి మించి కొనకూడదు. ఇవే ఇక్కడ నలభై మందికి చెబుతున్నాను. వాళ్ళు రాసుకుంటున్నారు. నువ్వు చదివితే చాలు.

షెడ్డులో వెనక గోడ వారన, టార్పాలిన్ కింద, ఎనిమిది బస్తాలున్నాయి. ఒక్కోటి ఆరు రోజులొస్తుంది. అవి అయిపోయేదాకా దాణా కొట్టు గుమ్మం తొక్కకు. ఆ కొట్టాయన నీ మొహం చూడగానే ధర పెంచేస్తాడు.

నమ్మకం ఉండి కాదు, వేరే దిక్కు లేక తాళాలిచ్చిన
అక్క


జూన్ 12

నోటీసు బోర్డుకెక్కిన అక్కకి,

టికెట్టు లేకుండా నీ ఇంట్లో ప్రయాణం చేస్తున్న తమ్ముడు రాసేది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు అర్థమయింది.

కోళ్ళు బాగున్నాయి. ఎర్రమెడ పుంజుకి "ఇన్‌స్పెక్టరు" అని పేరు పెట్టాను. నేను షెడ్డులోకి అడుగుపెట్టగానే ఎక్కణ్ణించో వచ్చి నా ఎదురుగా నిలబడతాడు. కుడి కంటితో ఒకసారి, ఎడమ కంటితో ఒకసారి నన్ను తనిఖీ చేస్తాడు. సర్వీసులో ఉన్నప్పుడు చెకింగుకి వచ్చినవాళ్ళు కూడా అచ్చం ఇలాగే చూసేవాళ్ళు. వాళ్ళు మాత్రం పిక్క మీద పొడిచేవాళ్ళు కాదు.

నీ కాగితం బాగుంది. పాతది ముందు, కొత్తది తరవాత అన్నది మా బస్టాండులో క్యూ పద్ధతే. ముందొచ్చినవాడు ముందెక్కాలి. అందుకని నేనొక పని చేస్తున్నాను. బస్తా మూతి దగ్గర కుట్టులో ఒక చీటీ ఉంటుంది కదా. బస్తా విప్పగానే ఆ చీటీ తీసి, వెనకవైపు విప్పిన తేదీ రాసి, నా పాత పంచుతో ఒక చిల్లు పొడిచి మేకుకు గుచ్చుతున్నాను. రిటైరైనప్పుడు డిపోవాళ్ళు శాలువా కప్పి పంచు అడగడం మరిచిపోయారు. దానికి మళ్ళీ పని దొరికింది.

ఒక్క సంగతి. కోప్పడకుండా చదువు. రెండో బస్తా విప్పితే ముక్కిన వాసన వచ్చింది. లోపలికి చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఉండలు కూడా కట్టింది. పక్కింటి టైలరమ్మ గోడ మీంచి తొంగి చూసి, ఒక గుప్పెడు వాసన చూసి నాలుగుసార్లు తుమ్మింది. ఆవిడ కుట్టు మిషను పక్కనే పది కోళ్ళను పెంచుతుంది కాబట్టి ఆ తుమ్ముల్లో కొంత అనుభవం ఉందనుకుంటాను. పైగా బస్తా గోడకు ఆనకూడదని నీ కాగితంలో ఉందా? ఈ ఎనిమిదీ నేల మీద చతికిలబడి గోడకు వీపులానించి కూర్చున్నాయి. చీటీల మీది తేదీ సంగతి నీకు తెలియకుండా ఉండదని ఇక్కడ రాయడం లేదు.

ఇవి పారేసి కొత్తవి తేనా? నువ్వు ఊఁ అంటే ఈ వారమే తెస్తాను.

పిక్క మీద కట్టుతో
తమ్ముడు


జూన్ 19

వాసన నిపుణుడైన తమ్ముడికి,

గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! ముప్పై రెండేళ్ళు డీజిలు పొగ పీల్చిన ముక్కుకు ఇప్పుడు దాణాలో ముక్కిన వాసన తెలిసొచ్చిందా? పైగా సాక్షి ఎవరంటే టైలరమ్మ. ఆవిడ కొత్త గుడ్డ చింపినా తుమ్ముతుంది. వాన గాలికి దాణాకి ఆ మాత్రం వాసన పడుతుంది. ఉండలుంటే చేత్తో నలిపి పొయ్యి. అవేమైనా రోడ్డు పక్కన కొన్న ఊరూపేరూ లేని బస్తాలా? కిరీటం పెట్టుకున్న కోడి బొమ్మ ఉన్న బస్తాలు. నేను కొన్నవి. గోడకు ఆనాయి, నేల మీద కూర్చున్నాయి అని కోడిగుడ్డు మీద ఈకలు పీకకు. ఆ కాగితం నీకోసం రాసింది, నాకోసం కాదు.

నీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను. నలభై మందీ పగలబడి నవ్వారు. దాణా చీటీకి టికెట్టులాగా చిల్లు పొడిచేవాడు లోకంలో ఇంకెవడైనా ఉంటాడా? ఒకామె అయితే నవ్వలేక బల్ల మీద తల పెట్టేసింది. ఇప్పుడు రోజూ పాఠం మొదలవగానే "మేడం, మీ తమ్ముడు ఇవాళ ఏం చేశారు?" అని అడుగుతున్నారు. నీ పుణ్యమా అని నా క్లాసుకు ఎవరూ మానడం లేదు. పక్క క్లాసు కుట్లు అల్లికల మేడం అసూయపడుతోంది.

ఈ వారం చెప్పిన పాఠం నీకూ రాస్తున్నాను, పడి ఉంటుంది. దాణా తయారైన ఆరు వారాల్లోపు వాడెయ్యాలి. రోజులు గడిచేకొద్దీ అందులోని విటమిన్లు చచ్చిపోతాయి. కోడి మామూలుగానే తింటుంది, గుడ్డు మామూలుగానే పెడుతుంది, పైకి నిగనిగలాడుతుంది. పొదిగిస్తే లోపలి పిల్ల సగంలోనే పోతుంది. అందుకే కొనేటప్పుడు బొమ్మ చూడకూడదు, చీటీ మీది తేదీ చూడాలి. ఈ మాట అన్నప్పుడు క్లాసు క్లాసంతా తలలు వంచి రాసుకున్నారు. నాకే ముచ్చటేసింది.

కాబట్టి ఆ ఎనిమిది బస్తాలూ చివరి గింజ దాకా వాడు. ఒక్కటి పారేశావని తెలిసిందా, నేను మొదటి బస్సెక్కి వస్తాను. టికెట్టు కూడా కొనను.

నిపుణురాలు (బోర్డు మీద ఇంకా ఉంది)
అక్క


జులై 3

క్లాసులో నన్ను నవ్వులపాలు చేసిన అక్కకి,

నలభై మంది నవ్వారన్నావు. మా బస్సులో అరవై మంది పట్టేవాళ్ళు, అందరూ ఒకేసారి తిట్టేవాళ్ళు. నలభై మంది నవ్వు నాకొక లెక్క కాదు. అయినా రెండు రోజులు పంచు ముట్టుకోలేదు. మూడోరోజు బస్తా విప్పాల్సి వచ్చింది. అలవాటు ప్రకారం చెయ్యి దానంతటదే చిల్లు పొడిచింది.

నీ మాట ప్రకారం నీ బస్తాలే పోస్తున్నాను. ఉండల్ని మాత్రం నలపడం లేదు. ఏరి గోతిలో పూడుస్తున్నాను. అక్కడికి నువ్వు కోప్పడినా పడు. నాలుగో బస్తాకి ఇన్‌స్పెక్టరు పళ్ళెం దగ్గరికొచ్చి, ఒకసారి చూసి, నాకేసి తిరిగి చూశాడు. ఆ చూపుకి నేను క్షమాపణ చెప్పుకున్నాను. మొదటి విడత గుడ్లు ముప్పయ్యో తేదీన హేచరీకి పంపాను. పగిలినవీ మురికివీ పక్కనపెట్టి, సన్నకొన కిందికి ఉండేట్టు అట్టల్లో సర్ది, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను.

ఇప్పుడొక మంచి మాట. దాణా కొట్టు వెనక సందులో పదిహేను రోజులకొకసారి మిల్లు లారీ ఆగుతుంది. దింపుతుంటే ఊరికే నిలబడి చీటీలు చదివాను. ఏ కాగితం కనిపించినా నంబరు చదవడం నా రోగం. కిరీటం కోడి బస్తా చీటీ మీదా, బొమ్మలేని తెల్ల సంచి చీటీ మీదా ఒకటే మిల్లు, ఒకటే నంబరు, ఒకటే తేదీ. రెండూ పొదిగే గుడ్ల కోళ్ళ దాణాయే. తేడా అల్లా కిరీటమే. ఆ కిరీటానికి మనం ఇన్నేళ్ళూ బస్తాకి అయిదో వంతు ధర ఎక్కువ కడుతున్నాం. లారీ డ్రైవరు మా డిపోలో పనిచేసినవాడి అల్లుడు. ఒకేసారి ఆరు బస్తాలు తీసుకుంటే మిల్లు ధరకే దింపుతానన్నాడు. మనకేమో ఆరు నిలవ పెట్టుకోకూడదు కదా, నీ పాఠం ప్రకారం. అందుకని మనకి మూడు, టైలరమ్మకి ఒకటి, వీధి చివర ఇరవై కోళ్ళున్న బేకరీ ఆయనకి రెండు. ఆటోలో మనుషులు కలిసి పోయినట్టే. ఎవరి వాటా వాళ్ళది, ఎవరింట్లోనూ పాత సరుకు మిగలదు.

మన మూడు బస్తాలూ తయారై వారమే అయింది. వాటిని క్యూలో నిలబెట్టాను. ఎక్కడ పెట్టానని అడగకు. నీ కాగితంలోని నియమాలన్నింటికీ సరిపడే చోటు ఈ ఇంట్లో ఒక్కటే ఉంది.

ఇకనైనా మెచ్చుకుంటావని
తమ్ముడు


జులై 25

తమ్ముడూ,

యాభై ఒకటి! హేచరీ ఆయన నాకే ఉత్తరం రాశాడు. నూటికి యాభై ఒకటి. నేనున్నప్పుడు ఎనభైకి తగ్గలేదు. మిగతా గుడ్లు పగలగొట్టి చూస్తే లోపల పిల్లలు సగంలోనే పోయి ఉన్నాయట. "మీరు లేకపోవడం తెలుస్తోందమ్మా" అని మర్యాదగా రాశాడు. ఆ మర్యాద చూస్తే నాకు తల తీసేసినట్టయింది.

ఎందుకు రాదు! లారీ కింద రాలిన దాణా తెచ్చి పోస్తే ఇంకేమొస్తుంది! బొమ్మలేని సంచి, డిపోవాడి అల్లుడు, సందులో బేరం. చవక బేరం అంటే నువ్వు చెవి కోసుకుంటావు. చిన్నప్పుడు ఒకే కాలి చెప్పులు రెండు సగం ధరకొస్తున్నాయని కొనుక్కొచ్చినవాడివి కదా. నీ లారీ ఉత్తరం క్లాసులో చదివాను. ఈసారి నవ్వలేదు, "అయ్యో మేడం" అన్నారు. అది నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

అది చాలదన్నట్టు టైలరమ్మ కార్డు రాసింది. "మీ తమ్ముడుగారు మీ గదిలో ముగ్గురిని పెట్టారు. పగలూ రాత్రీ మీ మంచం మీదే. దుప్పటి కూడా కప్పారు. ఎలాంటి గొడవా లేదు" అని. గొడవ లేదట! నా గదిలో, నా మంచం మీద, నీ డిపో స్నేహితులు ముగ్గురు దొర్లుతుంటే గొడవ లేదా? ఆ ఒక్క మంచం మీద ముగ్గురు ఎలా పట్టారో నాకు అర్థం కాలేదు. ఇక్కడ గాలిరాని గదిలో నేను తిరిగి తిరిగి పడుకుంటుంటే అక్కడ నా దుప్పటి కప్పుకుని పేకాట ఆడుకుంటున్నారన్నమాట. అందుకే కోళ్ళను చూసే తీరిక లేకపోయింది.

వాళ్ళను ఇవాళే పంపించెయ్యి. దుప్పటి ఉతికించు. వేడినీళ్ళతో.

అక్క


జులై 31

అక్కా,

ముగ్గురినీ పంపించడం కుదరదు. వాళ్ళు నడవలేరు. ఒక్కొక్కరూ యాభై కిలోలు. తెల్ల సంచుల్లో ఉన్నారు. ఒకరు దిగితే తరవాతి లారీలో ఇంకొకరు ఎక్కుతారు.

నేలకు తగలకూడదన్నావు, గోడకు ఆనకూడదన్నావు, తడి సోకకూడదు, ఎలుక ఎక్కకూడదన్నావు. షెడ్డులో ఎక్కడ చూసినా నేల చెమ్మగానే ఉంది. ఈ ఇంట్లో నేలకు జానెడు ఎత్తున, గోడకు మూరెడు దూరంలో, నున్నటి ఇనప కాళ్ళ మీద నిలబడి, పైన ఫ్యాను కూడా ఉన్నది నీ మంచం ఒక్కటే. దుప్పటి కప్పింది దుమ్ము పడకుండా. పేక ముక్క ఈ ఇంట్లో లేదు. టైలరమ్మ తమాషాకి రాసింది. నువ్వు తమాషా పట్టుకోలేవని ఆవిడకి తెలియదు, నేను చెప్పాను.

ఇక దాణా. లారీ బస్తా మూతి నేను మొదటిసారి విప్పింది జులై ఇరవైన. క్యూలో నిలబెట్టానని రాశాను కదా, క్యూలో ఉన్నవాడు బస్సెక్కినట్టా? అప్పటిదాకా నీ కోళ్ళు తిన్నది నీ ఎనిమిది బస్తాలే. నువ్వు చివరి గింజ దాకా అన్నావు, చివరి గింజ దాకా పోశాను. ఆ యాభై ఒకటి వచ్చిన గుడ్లు జూన్ నెలవి. పద్నాలుగున పంపిన రెండో విడత గుడ్లు కూడా ఆ దాణా తిన్నవే. కాబట్టి రెండో విడత కూడా బాగా రాదు. ముందే చెబుతున్నాను, తరవాత నన్ను అనొద్దు. కావాలంటే టైలరమ్మను అడుగు, ఆవిడ రోజూ చూస్తూనే ఉంది.

ఒక్క మాట అడుగుతాను. యాభై ఒకటి అనగానే నా మీదికే ఎందుకొచ్చావు? నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బస్సులో టికెట్టు లేనివాడు దొరికినా ముందు "ఎక్కడెక్కావు బాబూ" అని అడిగేవాణ్ణి.

ఇక్కడ వాన. కోళ్ళు పొడిగానే ఉన్నాయి.

తమ్ముడు


ఆగస్టు 8

తమ్ముడూ,

నలభై ఆరు.

ముందే చెప్పాను అంటావు. పాడుచేసినవాడికి పాడవుతుందని ముందే తెలియడంలో గొప్పేముంది? నా బస్తాలదే తప్పంటావా? నేనా? నలభై మందికి ఇదే పాఠం చెబుతున్న నేనా? పిల్లికి ఎలుక సాక్ష్యమన్నట్టు నీకు టైలరమ్మ సాక్ష్యం. ఇద్దరూ ఒకే లారీ దాణా పంచుకున్నారాయె.

ఆఖరు విడత మిగిలింది. ఇది పోతే నా పెట్టలు పోతాయి. పదకొండేళ్ళు పోతాయి. ఇక తమాషాలు చాలు. ఉత్తరం అందగానే తాళాలు టైలరమ్మకిచ్చి మీ ఇంటికి వెళ్ళిపో. లారీ దాణా బయట పారబోసి కిరీటం బస్తాలు కొనమని ఆవిడకు చెప్పు. మంచం ఖాళీ చెయ్యి.

నీకిచ్చినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

అక్క


ఆగస్టు 12

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అప్పటికే ఆఖరు విడత గుడ్లు హేచరీలో దింపి వచ్చాను. అవి మూడు వారాలుగా లారీ దాణా తిన్న కోళ్ళ గుడ్లు. ఏం రావాలో అదే వస్తుంది.

తాళాలు టైలరమ్మకిచ్చాను. ఆవిడ తీసుకుని షెడ్డు తలుపు తెరిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ తలుపు మూసి తాళాలు మళ్ళీ నా చేతిలో పెట్టింది. "నేను కుట్టుకునేదాన్ని, పొడిపించుకునేదాన్ని కాదు" అంది. కాబట్టి నువ్వొచ్చేదాకా ఇంకో మనిషి దొరికితే చెప్పు, వెళ్ళిపోతాను. నాకు ఇల్లు లేక ఇక్కడ లేను.

దాణా మాత్రం మార్చలేదు. పుట్టి బుద్ధెరిగాక నీ మాట కాదనడం ఇదే మొదలు. ఇంతకాలం నువ్వు కేకలేస్తే తలొంచాను. అందులో నాకు నష్టం లేదు, నేను ఎలాగూ వంగే ఉంటాను. ఈసారి తలొంచితే ఆ పెట్టలు కత్తి కిందికి పోతాయి. నువ్వు మంచంలో పడితే మందు తాగనని మొండికేసినప్పుడు అమ్మ ఏం చేసేదో గుర్తుందా? ముక్కు పట్టుకుని పోసేది. నాకిప్పుడు ఆ పని పడింది.

ఈ కవర్లో ఎనిమిది చీటీలు పెట్టాను. నువ్వూ నీ క్లాసూ నవ్విన చీటీలే. నీ ఎనిమిది బస్తాల మూతులకు కుట్టినవి. వెనకవైపు నేను విప్పిన తేదీ, పక్కన చిల్లు. ముందువైపు అచ్చు వేసిన తేదీ ఉంది. అది నేను రాసింది కాదు, మిల్లువాళ్ళు వేసింది. జూన్‌లోనే నీకు చెప్పాల్సింది. అక్కకి చెప్పేదేమిటి, చూసే ఉంటుందిలే అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా తప్పు.

కళ్ళజోడు పెట్టుకుని చూడు.

తమ్ముడు


సెప్టెంబర్ 4

తమ్ముడూ,

వెక్కిరించడానికైతే నా కలం ఎలా పరిగెత్తేదో నీకు తెలుసు. ఈ ఉత్తరం రాయడానికి మూడు వారాలు పట్టింది.

కవరు విప్పి చీటీలు మంచం మీద పరిచాను. ఎనిమిదింటి మీదా ఒకటే తేదీ. పోయిన ఏడాది ఆగస్టు. నువ్వు విప్పేనాటికి వాటికి పది నెలలు నిండాయి. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాను. తేదీ మారలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. కొట్టాయన నాలుగు కొంటే ఒకటి ఊరికే అన్నాడు. ఎనిమిది కొని రెండు ఊరికే తెచ్చుకున్నాను. ఇల్లంతా గెలిచినట్టు తిరిగాను. రెండు వాడాక ఇంకో బేరానికి కొత్త బస్తాలు తెచ్చాను. వెనక వాటిని ముందుకు లాగాలంటే నడుము నొప్పి. కొత్తవి ముందు పెట్టి, అవే వాడుకుంటూ పోయాను. నెల నెలా అంతే. వెనక వరస మీద టార్పాలిన్ కప్పాను, కప్పాక మరిచిపోయాను. నేను బయల్దేరేనాటికి ముందు వరస అయిపోయింది. మిగిలిన చెత్త నీకు అప్పజెప్పి, చివరి గింజ దాకా పొయ్యమన్నాను. నువ్వు వాసన వస్తోందన్నావు, వెచ్చగా ఉందన్నావు, గోడకు ఆని ఉందన్నావు. నీకు ముక్కు లేదన్నాను. చవక బేరం నీది కాదురా, నాది. ఒకే కాలి చెప్పుల కథ ఇకమీదట నేనెక్కడా చెప్పను.

మర్నాడే ఆ చీటీలు క్లాసుకు తీసుకెళ్ళాను. ముందు బెంచీవాళ్ళకిచ్చి, చేతులు మారుస్తూ అందరినీ చూడమన్నాను. "ఈ దాణా తిన్న కోడి గుడ్డు పొదిగిస్తే ఏమవుతుంది?" అని అడిగాను. అందరూ ఒక్క గొంతుతో "లోపలి పిల్ల పోతుంది మేడం" అన్నారు. అంత బాగా నేర్పాను చూడు. "ఇంత పాత దాణా ఎవరు పోశారు? మీ తమ్ముడుగారా మేడం?" అని ఒకామె అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. అదిగో, మొదటిరోజు బల్ల మీద తల పెట్టి నవ్విందే, ఆమే.

"పోసింది ఆయనే. కొన్నది నేను, దాచింది నేను, పొయ్యమన్నది నేను" అన్నాను.

వెనక బెంచీలోంచి ఒక పెద్దావిడ, పెద్దగా చదువు లేని మనిషి, ఎప్పుడూ నోరెత్తదు, లేచి నిలబడింది. "మరి ఇన్నాళ్ళూ మేం ఎవరిని చూసి నవ్వాం మేడం?" అని అడిగింది. వెటకారంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. బోర్డు తుడిచి, ఆ గంటంతా బోర్డే తుడుస్తూ నిలబడ్డాను.

ఇదంతా ఆగస్టు పదిహేడున జరిగింది. ఆఖరు విడత సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అది గుర్తుపెట్టుకో, ఎందుకంటే హేచరీ ఆయన ఉత్తరం నిన్ననే వచ్చింది. ఎనభై మూడు. నీ లారీ దాణా, నీ తెల్ల సంచి, ఎనభై మూడు. "మీ పద్ధతులు మళ్ళీ గాడిలో పడినట్టున్నాయమ్మా, వచ్చే ఏడాదికి కూడా మీ గుడ్లే" అని రాశాడు. నా పద్ధతులట! జవాబు రాశాను. పద్ధతులు నావి కావనీ, ఒక కండక్టరువనీ, వచ్చే ఏడాది మాట ఆయనతోనే మాట్లాడుకోమనీ రాశాను. పెట్టలు దక్కాయిరా. వార్డెనమ్మ తలుపు దగ్గర నిలబడి ఉన్నా సరే, పెద్దగా ఏడ్చాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అప్పుడు కూడా నవ్వలేదు.

క్లాసులో ఇప్పుడు అందరి దగ్గరా పంచులున్నాయి. దొరకనివాళ్ళు మేకుతో పొడుస్తున్నారు. ఇరుగుపొరుగు కలిసి లారీ దాణా పంచుకునే పాఠం కూడా పెట్టాను. పాఠం పేరు పుస్తకంలో ఏముందోగానీ వాళ్ళు మాత్రం "మేడం తమ్ముడు" అనే అంటున్నారు. నవ్వకుండానే అంటున్నారు.

అక్టోబరు మొదటి వారంలో వస్తాను. నువ్వు వెళ్ళిపోకు. ఇంకో మనిషి దొరికితే చెప్పమన్నావు, దొరకలేదు. నేను వెతకనూలేదు.

మంచం మీద ముగ్గురినీ దించకు. వాళ్ళు అక్కడే ఉండనీ, దుప్పటి కూడా తియ్యకు. నేను కింద చాప వేసుకుని, గోడకు ఆనుకుని పడుకుంటాను. నేల చెమ్మ నన్నేం చేస్తుంది, పాడవడానికి నాలో ఇంకేం మిగిలిందని? నా మూతి దగ్గర కూడా ఒక చీటీ కుట్టి, తేదీ వేసి, చిల్లు పొడిచి మేకుకు తగిలించు.

గడువు దాటిన
నీ అక్క